గోడౌన్ నిండా బస్తాలు, రిజిస్టర్ మాత్రం లేదు: బ్యాకప్ సర్వర్‌కి బ్యాకప్ ఎవరు తీస్తారు?

బస్‌లో ఉన్నవాళ్లు, ఇయర్‌ఫోన్స్ మర్చిపోయినవాళ్లు చదువుకోడానికి ఎప్పట్లాగే ఎపిసోడ్ మొత్తం ఇక్కడ రాసి పెడుతున్నా. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంటది, అక్కడక్కడా కాస్త సర్దాను అంతే.

ఫోన్ మార్చినప్పుడు వాట్సాప్‌లో ఒక స్క్రీన్ వస్తుంది, గుర్తుందా? బ్యాకప్ దొరికింది, రీస్టోర్ చేయమంటారా అని అడుగుతుంది. ఆ స్క్రీన్ రాకపోతే గుండె జారిపోద్ది. పాత ఫోన్‌లోని ఫోటోలన్నీ కాపీ చేసుకుని తెచ్చుకున్నా సరే, ఏది ఎవరు పంపారు, ఎప్పుడు పంపారు, దాని కింద ఏం మాట్లాడుకున్నాం అన్నదంతా పోయినట్టే. ఎందుకంటే ఫోటో ఒక ఫైల్, ఆ ఫోటో ఏ చాట్‌దో చెప్పే డేటాబేస్ ఇంకో ఫైల్. రెండోది పోతే మొదటిది ఉన్నా సగం ఉపయోగమే.

ఇవాళ్టి టాపిక్ ఇదే, కాకపోతే కంపెనీ సైజులో. యూట్యూబ్‌లోకి రాకముందు నేను హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో బ్యాకప్ టీమ్‌లో పనిచేశా. మేం వాడింది ఐబీఎమ్ వాళ్ల టివోలీ స్టోరేజ్ మేనేజర్, షార్ట్‌గా టీఎస్ఎమ్. 1993లో ఏడీఎస్ఎమ్ అనే పేరుతో వచ్చింది, 1999లో టివోలీ అయ్యింది, 2015లో స్పెక్ట్రమ్ ప్రొటెక్ట్ అన్నారు, ఇప్పుడు స్టోరేజ్ ప్రొటెక్ట్ అంటున్నారు. పేరు ఎన్నిసార్లు మార్చినా ఆఫీసుల్లో అందరూ టీఎస్ఎమ్ అనే పిలుస్తారు. నేనూ అదే అంటా.

ఇది చేసే పని సింపుల్. కంపెనీలో ఉన్న వందల సర్వర్‌లు రాత్రిపూట తమ ఫైల్స్‌ని దీనికి పంపిస్తాయి. ఇది వాటిని డిస్క్ మీదో టేప్ మీదో దాస్తుంది. టేప్ అంటే మన అమ్మానాన్నల కాలం పాటల క్యాసెట్‌కి పెద్దన్నయ్య అనుకోండి. అరచేతిలో పట్టే ఒక ఎల్‌టీఓ-9 టేప్‌లో 18 టీబీ పడుతుంది. బీరువా అంత పెట్టెలో ఇలాంటివి వందలు వరసగా ఉంటాయి, లోపల ఒక రోబో చెయ్యి కావాల్సినదాన్ని తీసి డ్రైవ్‌లో పెడుతుంది. దాన్ని టేప్ లైబ్రరీ అంటారు.

ఏ ఫైల్ ఎవరిది, ఏ తేదీది, ఎన్నో వెర్షన్, ఏ టేప్‌లో ఎక్కడుంది అన్న లెక్క టేప్ మీద ఉండదు. సర్వర్ డేటాబేస్‌లో ఉంటుంది. 2009లో వచ్చిన 6వ వెర్షన్ నుంచి ఆ డేటాబేస్ ఐబీఎమ్ వాళ్ల డీబీ2నే.

మాది గుంటూరు వైపు. మా బాబాయి మిర్చి కోల్డ్ స్టోరేజ్‌లో గుమస్తాగా చేసేవాడు. సీజన్‌లో వెళ్తే నేల నుంచి కప్పు దాకా బస్తాలే, అన్నీ ఒకేలా ఉంటాయి. ఏ రైతు సరుకు ఏ అంతస్తులో, ఏ వరసలో ఉందో తెలిసేది ఒక్క రిజిస్టర్ వల్ల. "గోడౌన్ కాలితే బీమా వస్తదిరా, రిజిస్టర్ పోతే తన్నులొస్తాయి" అనేవాడు. టీఎస్ఎమ్ డేటాబేస్ ఆ రిజిస్టర్. అది పోతే లైబ్రరీలో టేప్‌లన్నీ చెక్కుచెదరకుండా ఉంటాయి, వాటిలో ఏముందో చెప్పే దిక్కు ఉండదు. పైగా టేప్ తీసుకెళ్లి ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే ఫోల్డర్లు కనపడతాయనుకోవద్దు. దాని రాత దానిదే.

అందుకే బ్యాకప్ డీబీ అని ఒక కమాండ్ ఉంటుంది. ఊళ్లో అందరి డేటాకీ బ్యాకప్ తీసే సర్వర్, తన సొంత రిజిస్టర్‌కి కాపీ తీసుకునే కమాండ్ ఇది. టేప్‌కి తీయొచ్చు, మామూలు డిస్క్ మీద ఫైల్‌గానూ తీయొచ్చు. దీన్ని నేను నేర్చుకున్న పద్ధతి మాత్రం అంత మర్యాదగా లేదు.

అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. మా దగ్గర రోజూ ఉదయం ఆరింటికి డేటాబేస్ ఫుల్ బ్యాకప్ టేప్ మీదకి వెళ్లేది. ఒక శుక్రవారం ఫెయిల్ అయ్యింది. కారణం, స్క్రాచ్ టేప్‌లు లేవు. స్క్రాచ్ అంటే ఖాళీ టేప్, ఎవరైనా వాడుకోవచ్చు అని గుర్తున్నది. నేను మెయిల్ చూశా. ఒక రోజు మిస్సయితే ఏముందిలే, సోమవారం కొత్త టేప్‌లు వస్తాయి కదా అనుకుని టికెట్ క్లోజ్ చేశా. శనివారం మళ్లీ ఫెయిల్. క్లోజ్. ఆదివారం కూడా అంతే.

ఇక్కడ ఒక నిమిషం ఆగి, లోపల ఏం జరుగుతోందో చెప్తా. డేటాబేస్‌లో ఏ మార్పు జరిగినా ముందు లాగ్‌లో రాసుకుంటారు. కరెంట్ పోయినా, సర్వర్ పడిపోయినా ఆ లాగ్ చూసి మళ్లీ సరిచేసుకోవచ్చు. ఈ యాక్టివ్ లాగ్ నిండినకొద్దీ ఆ ఫైల్స్ ఆర్కైవ్ లాగ్ అనే ఇంకో డైరెక్టరీలోకి వెళ్తాయి. అక్కడ అవి పేరుకుంటూనే ఉంటాయి. ఎప్పటిదాకా? డేటాబేస్‌కి ఫుల్ బ్యాకప్ పూర్తయ్యేదాకా. ఫుల్ అయిపోతే పాత లాగ్‌లతో పని ఉండదు కాబట్టి సర్వర్ వాటిని తీసేస్తుంది. అంటే డేటాబేస్ బ్యాకప్ అనేది ఎప్పుడో ప్రమాదానికి పనికొచ్చే బీమా మాత్రమే కాదు, రోజూ చెత్త ఊడ్చే చీపురు కూడా. మీరు ఊడవడం మానేస్తే ఇల్లు నిండుతుంది. ఈ రెండో సంగతి నాకు అప్పుడు తెలీదు.

సర్వర్ పిచ్చిది కాదు. ఆర్కైవ్ లాగ్ చోటు 80 శాతం దాటితే తనంతట తనే డేటాబేస్ బ్యాకప్ మొదలుపెడుతుంది, డిఫాల్ట్ సెట్టింగ్ అది. మాదీ మొదలుపెట్టింది. కానీ దానికి కూడా కావాల్సింది అదే టేప్. టేప్ లేదు. ఆర్కైవ్ లాగ్ నిండింది, దానికి తోడుగా పెట్టిన అత్యవసర డైరెక్టరీ నిండింది, ఆ తర్వాత యాక్టివ్ లాగ్ కూడా నిండింది. ఆదివారం అర్ధరాత్రి దాటాక సర్వర్ ఆగిపోయింది.

రెండింటికి ఫోన్. క్లయింట్ దగ్గర ఎవరో పేరోల్ ఫోల్డర్ పొరపాటున డిలీట్ చేశారు. నెలాఖరు. ఉదయం పది లోపల ఆ ఫైల్స్ బ్యాంక్‌కి పోకపోతే వందల మందికి జీతాలు పడవు. "రీస్టోర్ చేసేయండి, పది నిమిషాల పని కదా" అన్నాడు అవతలాయన. నిజంగానే పది నిమిషాల పని, సర్వర్ లేస్తే. ఆ డేటా టేప్‌లో ఉంది. టేప్ లైబ్రరీలో ఉంది. అద్దం తలుపులోంచి నాకు కనపడుతోంది కూడా. దాంట్లో ఏదో మాత్రం నాకు తెలీదు, తెలిసిన డేటాబేస్ లేవట్లేదు.

మా సీనియర్ అన్నని లేపా. ఉప్పల్ నుంచి బండి మీద వచ్చాడు. తిట్టలేదు, అదే ఎక్కువ భయమేసింది. ముందు ఆర్కైవ్ లాగ్ ఉన్న ఫైల్ సిస్టమ్‌కి ఇంకాస్త చోటు ఇప్పించాడు, దాంతో సర్వర్ లేచింది. లేచిన వెంటనే కొత్త క్లయింట్లు కనెక్ట్ కాకుండా సెషన్లు ఆపేశాడు, లేకపోతే అవి మళ్లీ లాగ్ నింపేస్తాయి. తర్వాత వేరే డిస్క్ బాక్స్‌లో ఒక డైరెక్టరీ చూసుకుని, ఫైల్ రకం డివైస్ క్లాస్ ఒకటి తయారు చేశాడు. డివైస్ క్లాస్ అంటే ఈ బ్యాకప్ ఎలాంటి చోటుకి వెళ్లాలో సర్వర్‌కి చెప్పే పేరు, అంతే. దాని మీదకి బ్యాకప్ డీబీ, టైప్ ఫుల్. అది అయ్యేసరికి ఆరు కావొచ్చింది. లాగ్ డైరెక్టరీ ఖాళీ అవ్వడం మొదలైంది. ఏడున్నరకి పేరోల్ ఫోల్డర్ క్లయింట్ చేతిలో ఉంది.

టీ తాగేటప్పుడు అన్న ఒకటే అడిగాడు: "తమ్ముడూ, రోజుకొక టేప్ డేటాబేస్‌కే పోతోంది కదా. పాతవి ఎప్పుడు తిరిగొస్తున్నాయో ఎప్పుడైనా చూశావా?"

చూడలేదు. అసలు జబ్బు అక్కడుంది. డేటాబేస్ బ్యాకప్ టేప్‌లు పాతబడినంత మాత్రాన వాటంతట అవి స్క్రాచ్ అవ్వవు. పాతవి తీసెయ్ అని డిలీట్ వాల్యూమ్ హిస్టరీ కమాండ్‌తో చెప్పాలి, ఉదాహరణకి వారం దాటినవన్నీ తీసెయ్ అని. డిజాస్టర్ రికవరీ మేనేజర్ అనే భాగం వాడేవాళ్లకి అక్కడ రోజులు సెట్ చేసుకునే వీలుంది. మా దగ్గర ఆ కమాండ్‌ని షెడ్యూల్‌లో పెట్టడం ఎవరో మర్చిపోయారు. ఇంకో దరిద్రం ఏంటంటే, ఒక డేటాబేస్ బ్యాకప్ ఉన్న టేప్‌లో మిగిలిన చోట మర్నాటి బ్యాకప్ రాయడానికి కుదరదు. దానికి వేరే టేప్ కావాలి. మా డేటాబేస్ 400 జీబీ ఉండేది, అది టీబీల టేప్‌లో ఒక మూల కూర్చునేది. మిగతాదంతా ఖాళీ. పెళ్లి హాల్ బుక్ చేసి నలుగురు భోంచేసినట్టు.

మరి టేప్ దండగా, ఫైలే మంచిదా? ఇక్కడే చాలామంది తొందరపడతారు.

ఫైల్‌కి తీస్తే హాయి. రోబో కోసం ఎదురుచూపులు లేవు, డ్రైవ్ ఖాళీ ఉందా లేదా అన్న గొడవ లేదు, ఒకేసారి రెండు మూడు స్ట్రీమ్‌లలో తీస్తే త్వరగా అయిపోతుంది. టేప్‌కి కూడా అలా తీయొచ్చు కానీ స్ట్రీమ్‌కి ఒక డ్రైవ్ కావాలి. రీస్టోర్ కూడా ఫైల్ నుంచి సుఖం. కానీ ఆ ఫైల్ ఎక్కడుంది అన్నది చూడండి. డేటాబేస్ ఉన్న డిస్క్ బాక్స్‌లోనే ఇంకో డైరెక్టరీ ఇచ్చి, బ్యాకప్ అయ్యిందని మెయిల్ పెట్టుకునేవాళ్లని నేను చూశా. ఆ బాక్స్ పోయిన రోజు రెండూ కలిసే పోతాయి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ రోజూ ఫోన్‌లోనే ఒక లోకల్ బ్యాకప్ రాసుకుంటుంది. ఫోన్ ఆటోలో పోతే ఆ బ్యాకప్ కూడా ఆటోలోనే పోతుంది కదా, అలాగన్నమాట. ఇంకోటి, రాన్సమ్‌వేర్. సర్వర్‌లోకి దూరినవాడికి ఆ సర్వర్‌కి కనపడే ప్రతి డైరెక్టరీ కనపడుతుంది. లైబ్రరీలోంచి తీసి వేరే బిల్డింగ్‌లో బీరువాలో పెట్టిన టేప్‌ని మాత్రం ఏ వైరస్సూ ముట్టుకోలేదు.

టేప్ అంటే పాత చింతకాయ పచ్చడి అనుకునేవాళ్లకి ఒక సంగతి. 2011 ఫిబ్రవరి చివర్లో కొందరు జీమెయిల్ తెరిస్తే ఇన్‌బాక్స్ ఖాళీ. స్టోరేజ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో వచ్చిన బగ్ వల్ల సుమారు 0.02 శాతం మంది యూజర్ల మెయిల్స్ పోయాయి. గూగుల్ దగ్గర ఒక్కో మెయిల్‌కి వేర్వేరు డేటా సెంటర్లలో కాపీలున్నాయి, బగ్ ఆ కాపీలకీ తగిలింది. చివరికి వాటిని తిరిగి తెచ్చింది టేప్‌లోంచే, ఎందుకంటే ఆఫ్‌లైన్‌లో ఉన్న టేప్ దాకా ఆ బగ్ చేరలేదు. కాకపోతే టేప్‌లోంచి తేవడానికి టైమ్ పట్టింది.

అందుకని నా లెక్క ఇది, మీ సీనియర్ ఇంకోలా చెప్తే వాదించను. రోజూ ఫుల్ బ్యాకప్ వేరే డిస్క్ బాక్స్‌లో ఫైల్‌గా తీయండి, చీపురు పని దీనిది. దానికి తోడు టేప్ మీదకి స్నాప్‌షాట్ తీసి బయటికి పంపండి. డీబీ స్నాప్‌షాట్ అనే ఈ టైప్ కూడా మొత్తం డేటాబేస్ కాపీయే, కానీ మామూలుగా నడిచే ఫుల్, ఇంక్రిమెంటల్ వరసని ఇది కదిలించదు. అందుకే ఇంకో ఊరికి పంపడానికి బాగా సరిపోతుంది. ఇంక్రిమెంటల్ అని ఇంకోటి ఉంది, పోయిన ఫుల్ తర్వాత మారినవి మాత్రమే తీస్తుంది. డేటాబేస్ మరీ పెద్దదైతే తప్ప నాకది నచ్చదు. రీస్టోర్ రోజున ముక్కలు అతికించుకుంటూ కూర్చోవాలి.

ఇప్పుడు అసలు మెలిక. మీ ఫైల్ పోతే టీఎస్ఎమ్‌ని అడుగుతారు, అది టేప్ చూపిస్తుంది. టీఎస్ఎమ్ డేటాబేసే పోతే, దాని బ్యాకప్ ఏ టేప్‌లో ఉందో ఎవర్ని అడుగుతారు? ఇంటి తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు లాగేసినట్టు. ఈ చిక్కు కోసమే సర్వర్ పక్కన వాల్యూమ్ హిస్టరీ అని ఒక మామూలు టెక్స్ట్ ఫైల్ రాసుకుంటూ ఉంటుంది. ఏ తేదీ డేటాబేస్ బ్యాకప్ ఏ టేప్‌లో ఉందో అందులో ఉంటుంది, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. దాంతోపాటు టేప్ డ్రైవ్‌లు, డైరెక్టరీల వివరాలుండే డివైస్ కాన్ఫిగరేషన్ ఫైల్, సర్వర్ ఆప్షన్స్ ఫైల్ కావాలి. ఈ మూడూ కలిపినా వాట్సాప్‌లో పంపగలిగేంత చిన్నవి. డేటాబేస్ 400 జీబీ అని దాని చుట్టూ తిరుగుతాం, ఈ చిన్నవాటిని మర్చిపోతాం.

నాలుగోది పాస్‌వర్డ్. 8.1 వెర్షన్ కొత్త విడుదలల్లో సర్వర్ ఎన్‌క్రిప్షన్ కీ కూడా డేటాబేస్ బ్యాకప్‌లోకి వెళ్తుంది, ఒక పాస్‌వర్డ్‌తో తాళం వేసి. రీస్టోర్ చేసేటప్పుడు అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. వాట్సాప్‌లో ఎండ్ టు ఎండ్ బ్యాకప్‌కి 64 అంకెల కీ పెట్టుకున్నవాళ్లకి ఈ బాధ తెలుసు. మర్చిపోతే కంపెనీవాడు కూడా ఏం చేయలేడు.

ఇంకో సంగతి చాలామంది అడ్మిన్లకి కూడా తట్టదు, కాబట్టి నిదానంగా చదవండి. సోమవారం డేటాబేస్ బ్యాకప్ తీశారు. ఆ రోజు లెక్క ప్రకారం ఒక ఫైల్ 17వ టేప్‌లో ఉంది. బుధవారం సర్వర్ చోటు సర్దుకుంటూ ఆ ఫైల్‌ని 42వ టేప్‌కి మార్చి, 17ని ఖాళీ అని ప్రకటించింది. గురువారం 17 మీద వేరేవాళ్ల డేటా రాసేసింది. శుక్రవారం డిస్క్ పోయింది, మీ చేతిలో ఉన్నది సోమవారం కాపీ. రీస్టోర్ సక్సెస్ అని వస్తుంది. డేటాబేస్ ధీమాగా 17వ టేప్ అని చెప్తుంది. అక్కడ మీ ఫైల్ లేదు. బాబాయి భాషలో, పాత రిజిస్టర్ ప్రకారం వెళ్తే ఆ వరసలో ఇంకో రైతు మిర్చి ఉంది. దీనికి మందు రీయూజ్ డిలే అనే సెట్టింగ్. ఖాళీ అయిన టేప్‌ని ఇన్ని రోజులు ముట్టుకోవద్దు అని స్టోరేజ్ పూల్‌కి చెప్పడం. డేటాబేస్ బ్యాకప్‌లు ఎన్ని రోజులు ఉంచుకుంటున్నారో, ఇదీ కనీసం అన్ని రోజులు ఉండాలి. సున్నా పెట్టి ఉంచిన సైట్లు నేను చూశా.

బ్యాకప్ రోజూ అవుతోందని మనం నమ్మడం, నిజంగా అవ్వడం వేరు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్ ఉన్న సర్వర్‌లోనే ఫైల్స్ డిలీట్ చేశాడు, దాదాపు 300 జీబీ. రోజూ తీస్తున్నామనుకున్న బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల ఎప్పట్నుంచో ఫెయిల్ అవుతోంది. ఫెయిల్ అయ్యిందని చెప్పే మెయిల్స్‌ని మెయిల్ సర్వర్ తిప్పికొడుతోంది, కాబట్టి ఎవరికీ తెలీలేదు. ఆరు గంటల ముందు అనుకోకుండా తీసిన ఒక స్నాప్‌షాట్ వాళ్లని కాపాడింది. రికవరీ చేస్తూ దాన్ని యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు, ఆ ధైర్యానికి మాత్రం దండం. నా కేసు దానికన్నా సిగ్గుచేటు. నాకు మెయిల్ వచ్చింది, నేనే క్లోజ్ చేశా.

ఆ రాత్రి తర్వాత మా టీమ్‌లో మూడు నెలలకోసారి ఒక ఖాళీ సర్వర్ మీద డేటాబేస్‌ని నిజంగా రీస్టోర్ చేసి చూడటం మొదలైంది. వాల్యూమ్ హిస్టరీ ఫైల్ రోజూ వేరే మెయిల్ సర్వర్‌లో ఉన్న మెయిల్‌బాక్స్‌కి పోయేది. పాస్‌వర్డ్ ఒక కవర్లో, మేనేజర్ లాకర్లో. ఆ కవర్ మీద చేతిరాత నాది.

ఉద్యోగం మానేసిన రెండు నెలలకి నా సీట్లో చేరిన కుర్రాడు ఫోన్ చేశాడు. మొదటి డ్రిల్ అంట, రీస్టోర్ సగంలో ఆగిందంట.

"అన్నా, కవర్ తీశా. ఇందులో నాలుగో అక్షరం సున్నానా, ఇంగ్లిష్ ఓనా?"

సున్నా. ఆ సాయంత్రమే కవర్ మార్చి, కొత్తదాని మీద పెద్ద అక్షరాలతో రాసి ఫోటో పంపాడు. పాస్‌వర్డ్ ఫోటో వాట్సాప్‌లో పంపకూడదురా బాబూ అని దానికి మళ్లీ ఒక క్లాస్ పీకాల్సొచ్చింది.